ఎగువ బోరు

చింతామణి చుట్టుపక్కల యాభై ఊళ్ళలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో నందీశ్‌ని అడిగితే తడుముకోకుండా చెబుతాడు. ఎవరి తోటలో ఎనిమిది వందల అడుగులు, ఎవరి తోటలో పదమూడు వందలు, ఎవరి బోరు గంటసేపు ఆడి గాలి కక్కుతుంది, అన్నీ అతనికి నోటికి వచ్చు. ఇరవై ఏళ్ళుగా కాలిపోయిన బోరు మోటార్లను పైకి తీయించి, లోపలి తీగ మార్చి, మళ్ళీ దించడమే అతని బతుకు. అటువంటి మనిషి రెండేళ్ళుగా ఆదివారం వస్తే చాలు, భూమి మీద పారే నీళ్ళు ఎక్కడైనా ఉన్నాయా అని కొండలూ గుట్టలూ పట్టుకుని తిరుగుతున్నాడు. ఈ సీమలో అలాంటి పని పెట్టుకున్నవాణ్ణి చూసి నవ్వకుండా ఉండటం కష్టం. కనీసం నవ్వడానికైనా అతని వెంట ఎవరూ లేరు, అది వేరే సంగతి.

ఈ వెతుకులాటంతా ఒక కర్ర కోసం. మడిస్తే మోచేయంత ఉంటుంది, లాగితే పన్నెండడుగులు సాగుతుంది. గాలానికి చక్రం ఉండదు, ఎర గుచ్చేది ఉండదు. కర్ర కొసన ఒక దారం, దారం చివర చిన్న కొక్కేనికి పురుగులా కనబడేట్టు కట్టిన ఈక ముడి, అంతే. జపాను కొండవాగుల్లో ఇలా చేపలు పడతారట, దాన్ని టెంకరా అంటారట. నందీశ్ ఫోన్లో చూసి తెప్పించుకున్నాడు. ఈక ముళ్ళు మాత్రం తనే కడతాడు. కోడిపుంజు మెడ ఈక, శిడ్లఘట్ట పట్టుదారం, షాపులో మిగిలిన సన్నని రాగి తీగ, ఈ మూడూ చాలు. నలభై ఒక్క ముళ్ళు కట్టి పాత టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాడు. వేయడానికి నీళ్ళే దొరకలేదు. చిత్రావతి పొడవునా ఇసుక, పాపాఘ్నిలో ఇసుక తోడేసిన గుంతలు. బాగేపల్లి పక్క ఒకచోట నీళ్ళు పారుతున్నాయని ఆశగా పోతే, సబ్బు నురగ, కంపు. ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని వెనక్కి వచ్చాడు.

ఆ నీళ్ళు బుధవారం నాడు, వెతకనప్పుడు కనబడ్డాయి.

దిబ్బూరహళ్ళి దాటి లోపలికి పోతే గుట్టల నడుమ రామచంద్రప్ప మల్బరీ తోట ఉంది. ఆయనకు రెండు బోర్లు. ఇంటి దగ్గరిది దిగువ బోరు, గుట్ట మొదట్లో ఉన్నది ఎగువ బోరు. ఎగువ బోరు మోటారు పైకి తీయాలని కబురొస్తే, పైపులెత్తే ట్రాక్టరు బయ్యప్పను తోడు తీసుకుని నందీశ్ తన ఓమ్ని వ్యాన్లో వచ్చాడు.

“దీపావళప్పుడే కాలిపోయింది నందీశా,” అన్నాడు రామచంద్రప్ప. అరవై దాటిన మనిషి, తలకు చుట్టిన తువ్వాలు విప్పి మళ్ళీ చుట్టుకుంటూ మాట్లాడతాడు. “కింది బోర్లో నీళ్ళుండాయి కదా అని ఊరకుంటిని. మొన్నట్నించి అది గాలి కక్కుతాండాది. పురుగు చూస్తే నాలుగో జొరం లేచింది. ఆకు చాలకపోతే నెల కష్టం మట్టిపాలు.”

పట్టుపురుగు కుబుసం విడవడాన్ని ఈ పక్క జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక పురుగు వారం రోజులు ఆగకుండా తింటుంది. ఆ వారం ఆకు బాగుంటేనే గూడు కడుతుంది.

“శుక్రవారం సాయంత్రానికి దించేస్తా అన్నా,” అన్నాడు నందీశ్.

“నీ మాట మీద ఉండాను.”

పదిహేడు పైపులు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. చివరి పైపుతో మోటారు వచ్చేసరికి మధ్యాహ్నం రెండైంది. బయ్యప్ప ట్రాక్టరు నీడన అన్నం మూట విప్పాడు. నందీశ్ ఇంకొంచెం మంచి నీడ కోసం గుట్ట ఎక్కి అవతలికి దిగాడు, కింద చప్పుడు వినబడి ఆగిపోయాడు.

బోరు పైపులోంచి వచ్చే చప్పుడు అతనికి తెలుసు. ఇది అది కాదు. చెట్లు తప్పించుకుని కిందికి పోతే, రెండు గుట్టల ఇరుకులో బండల మీదుగా ఒక వంక పారుతోంది. వెడల్పు రెండు బారలు కూడా లేదు. పైన ఎక్కడో రాతి సందులోంచి వచ్చి, బండ మీద పలచగా జారి, కింద మడుగులో పడి, మళ్ళీ సాగి, వంద గజాలు పోయాక ఇసుకలోకి ఇంకిపోతోంది. మడుగులో నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున రాళ్ళ మీద చేపల నీడలు కదులుతున్నాయి. నందీశ్ కాసేపు కూర్చునే ఉండిపోయాడు. తర్వాత పరుగున గుట్ట దాటి వ్యానులో పానాల పెట్టె తెరిచి, పైపు రెంచీల కింద దాచిన కర్ర తీశాడు.

“అదేమన్నా, టీవీ ఏరియలా?” అన్నాడు బయ్యప్ప ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

“అట్లాంటిదే,” అని నందీశ్ మళ్ళీ గుట్ట ఎక్కాడు.

షాపు వెనక పెరట్లో, గేటు ఊచల మధ్యకు గురిచూసి వేసి వేసి నేర్చుకున్న చెయ్యి. మొదటిసారి ముడి చెట్టుకు తగులుకుంది. రెండోసారి మడుగు తల దగ్గర, నీళ్ళు పడేచోట వాలింది. నీళ్ళ వెంట ఒక గజం కొట్టుకుపోయిందో లేదో దారం చిన్నగా గుంజింది. మణికట్టు ఎత్తితే వేలెడు చేప, పక్కలకు ముదురు చుక్కలతో, చేతిలో చల్లగా కొట్టుకుంది. నందీశ్ నవ్వాడు, గట్టిగానే. చుట్టూ చూశాడు. చూపించడానికి ఎవరూ లేరని తోచి నవ్వు ఆగిపోయింది.

ఎవరూ లేకపోలేదు. అవతలి గట్టున రెండు ప్లాస్టిక్ బిందెలతో ఒక ముసలామె నిలబడి చూస్తోంది. నందీశ్ గాలం విప్పి చేపను నీళ్ళలోకి వదిలాడు.

“పరిగె పిల్ల. వదిలేసేదానికి పట్టేదేమిటికప్పా?” అంది ఆమె.

“ఊరికే అవ్వా. చూసేదానికి.”

“చూసేదానికి కండ్లు చాలవా?” అంటూ ఆమె మడుగులో బిందె ముంచింది. పేరు చౌడమ్మ. అవతలి గుట్ట పైన ఆరేడు ఇళ్ళున్నాయట, కొళాయిలో నీళ్ళు మూడు దినాలకొకసారి వస్తాయట, మిగతాదంతా ఈ వంకేనట. అడగకుండానే ఇంత చెప్పి, చంకన ఒకటి, తల మీద ఒకటి పెట్టుకుని వెళ్ళిపోయింది.

మరుసటి రోజు షాపులో మోటారు విప్పితే మాడిన వాసన గుప్పుమంది. గాడుల్లోని పాత తీగ కత్తిరించి ముక్కలు ముక్కలుగా లాగేశాడు. గాడులు తుడిచి, కొత్త ప్లాస్టిక్ పూత తీగను ఒక కొసనుంచి దూర్చి రెండో కొసన అందుకుని, మళ్ళీ తిప్పి దూర్చి, ఒక్కో చుట్టూ చేత్తోనే లాగాలి. పని చేస్తున్నంత సేపూ ఫోన్ ఎదురుగా బల్ల మీద ఆనించి ఉంది.

బెంగళూరులో టెంకరా ఆడేవాళ్ళకు ఒక వాట్సాప్ గుంపుంది. నందీశ్ అందులో చేరి ఏడాదిన్నర అయింది. వాళ్ళు ఇంగ్లీషులో రాస్తారు. అతను చదివి, అర్థమైన చోట బొటనవేలు పెడతాడు. అతని ముఖం వాళ్ళెవరూ చూడలేదు. ఆర్నెల్ల కిందట గుంపు పెట్టిన పునీత్ అనే అతను, “నందీశ్ బ్రో, మీరు ఆ ఊళ్ళవారే కదా, మాకు రెండు గంటల దూరంలో ఒక వాగు వెతికిపెట్టండి, అందరం వస్తాం,” అని కన్నడలో వాయిస్ పంపాడు. ఆ వాయిస్‌ని నందీశ్ ఎన్నిసార్లు విన్నాడో లెక్క లేదు. బంధువులు అతనికి పిల్లను చూడటం మానేసి ఆరేళ్ళయింది. అమ్మ పోయాక ఇంట్లో రెండో పళ్ళెం తీయలేదు. షాపుకు వచ్చేవాళ్ళు మోటారు గురించి మాట్లాడతారు, అది బాగైతే పోతారు. అందరం వస్తాం అని అతనితో అన్నది పునీత్ ఒక్కడే.

బుధవారం సాయంత్రమే మడుగు ఫోటో, చేప ఫోటో గుంపులో పెట్టాడు. గురువారం పొద్దున్నుంచి ఫోన్ ఆగకుండా మోగింది. ఏ ఊరు, ఎంత దూరం, కారు ఎక్కడిదాకా వస్తుంది. మంజుశ్రీ అనే ఆమె, నీళ్ళు ఏడాదంతా ఉంటాయా అని అడిగింది. నందీశ్‌కి తెలియదు. అయినా ఎస్ అని రాశాడు. మధ్యాహ్నం పునీత్ రాశాడు: ఈ ఆదివారం ఆరుగురం వస్తున్నాం, ఏడు గంటలకు దిబ్బూరహళ్ళి క్రాసులో కలుద్దాం.

నందీశ్ ఆ మెసేజీ చదివి, చేతులు తుడుచుకుని, షాపు బయటికి వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా బట్టల కొట్టు వాళ్ళకు చెబుదామనిపించింది. ఏమని చెప్పాలో తోచక లోపలికి వచ్చి మళ్ళీ తీగ పట్టుకున్నాడు. అరిగిపోయిన బేరింగుకు బదులు డ్రాయరులోంచి కొత్తది తీసి బిగించాడు. మామూలుగా రెండు రోజుల్లో చేసే పని ఆ రోజు చీకటి పడకముందే అయిపోయింది.

శుక్రవారం పొద్దున మోటారు వ్యాన్లో ఎక్కించుకుని బయలుదేరాడు. బయ్యప్ప ట్రాక్టరు మధ్యాహ్నం రావాలి. ఆలోపు వంక దగ్గర కంప నరికి, ఆరుగురు నిలబడేందుకు చోటు చేద్దామని కొడవలి తెచ్చుకున్నాడు. చౌడమ్మ అప్పటికే అక్కడ ఉంది, బండ మీద బట్టలు ఉతుకుతోంది.

“ఆదివారం బెంగళూరు నుంచి మా వాళ్ళు వస్తాండారు అవ్వా,” అన్నాడు. మా వాళ్ళు అనే మాట నోట్లోంచి వచ్చాక అతనికే కొత్తగా వినబడింది.

“రానీ. ఉన్నన్నాళ్ళే కదా ఈ నీళ్ళు.”

“ఎండాకాలం ఎండిపోతాయా?”

“ఎండకు కాదప్పా.” చౌడమ్మ ఉతికే బట్ట పిండి పక్కన పెట్టింది. “గుట్ట కవతల రామచంద్రప్ప బోరుండాది చూడు, అది ఆడితే ఇక్కడ నీళ్ళాగిపోతాయి. ఒక్క దినంలో బండ కిందికి పోతాయి. పన్నెండేండ్లుగా ఇదే కత. దీపావళప్పుడు ఆ మోటారు కాలింది. కాలిన పదైదో నాటికి వంక మళ్ళీ పారింది. మొన్న దాన్ని పైకి తీసినారంట. మా దేవరకు మొక్కుకుండాను, అది ఎప్పటికీ బాగుకాకూడదని. బాగుచేసేవాని చెయ్యి పడిపోవాలని కూడా మొక్కుదామనుకుంటి. పాపం, వాడెవడో కూటికోసరం చేసేవాడు, ఆ మాట మాత్రం అనలా.”

నందీశ్ చేతిలో కొడవలి చూసుకున్నాడు. గోళ్ళలో ఇంకా గ్రీజు ఉంది. కంప నరకడం మొదలుపెట్టాడు. ఒక పొద నరికి, రెండో పొద నరికి, మూడోది సగంలో వదిలేసి గుట్ట ఎక్కాడు. పైనుంచి చూస్తే ఒక పక్క వంక, రెండో పక్క రామచంద్రప్ప తోట. తోటలో ఆకు అంచులు పసుపు తిరుగుతున్నాయి. అటు చూడకుండా ఫోన్ తీశాడు.

“అన్నా, మోటారుకి బేరింగు రావాల బెంగళూరు నుంచి. ఈ రోజు రాలా. సోమవారం అవుతాదేమో.”

ఇరవై ఏళ్ళలో నందీశ్ చెప్పిన రోజుకు పని అప్పగించకపోవడం ఇదే మొదలు. అది రామచంద్రప్పకూ తెలుసు, అందుకే నమ్మాడు.

“వస్తువు రాకపోతే నువ్వేం చేస్తావులే. తొందరపడి పాతది ఏసి పంపించద్దు. రెండు దినాలు ఆకు కొనుక్కొస్తాములే.”

తిట్టి ఉంటే బాగుండేది. నందీశ్ బయ్యప్పకు ఫోన్ చేసి రావద్దన్నాడు. వ్యాన్లో మోటారు మీద గోనెపట్టా కప్పాడు. మూడే రోజులు, అనుకున్నాడు. మూడు రోజుల్లో ఏమవుతుంది.

శనివారం మధ్యాహ్నం రామచంద్రప్ప ఫోన్ చేశాడు. “బేరింగు వచ్చిందా?” అన్నాడు. రాలేదన్నాడు నందీశ్. “చింతామణి పక్కనుంచి ఆకు తెచ్చినాము, ఎండకు దారిలోనే వాడిపోయింది. పురుగు ముట్టుకుని పక్కకి తిరుక్కుంటాండాది,” అని ఆయన ఊరికే చెప్పినట్టు చెప్పి పెట్టేశాడు. ఫోన్ జేబులో పెట్టుకుని నందీశ్ హోటలుకు పోయి, రేపు పొద్దునకు ఇరవై ఎనిమిది ఇడ్లీలు కావాలని చెప్పి వచ్చాడు. ఏడుగురికి, మనిషికి నాలుగు. చట్నీలో కారం తగ్గించమని రెండుసార్లు చెప్పాడు.

ఆదివారం ఆరున్నరకే దిబ్బూరహళ్ళి క్రాసులో వ్యాను ఆపాడు. ఉతికిన చొక్కా, కొత్త చెప్పులు. ముందు సీట్లో ఇడ్లీల డబ్బా, వెనక గోనెపట్టా కింద మోటారు. బెంగళూరు వైపునుంచి వచ్చే ప్రతి కారుకూ దిగి నిలబడ్డాడు. కొన్ని కార్లు వేగం తగ్గించాయి, చౌరస్తా కాబట్టి తగ్గించాయి. కూరగాయల బళ్ళు చింతామణి వైపు పోయాయి. పాలు పోయడానికి వచ్చినవాళ్ళు పోసి వెళ్ళిపోయారు. టీ కొట్టతను మూడో టీ ఇస్తూ, “ఎవురికోసరమన్నా?” అన్నాడు.

“స్నేహితులు. బెంగళూరు నుంచి వస్తాండారు.”

ఎనిమిదింటికి గుంపులో, దారి తెలుస్తోందా అని అడిగాడు. జవాబు లేదు. ఎనిమిదిన్నరకు ఒక ఫోటో వచ్చింది. పెద్ద నది, పచ్చటి అడవి, ఆరుగురు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నవ్వుతున్నారు. నందీశ్ ఫోటోను పెద్దది చేసి ఒక్కో ముఖమే చూశాడు. పునీత్‌కి గడ్డం ఉందని అప్పుడే తెలిసింది. ఫోన్ చేశాడు. మూడోసారికి ఎత్తాడు.

“అయ్యో నందీశ్ బ్రో, శుక్రవారమే ప్లాన్ మార్చేశాం. సకలేశపుర పక్కకు వచ్చాం. నీకు ఎవరూ చెప్పలేదా? ఇంకోసారి పక్కా వస్తాం. నీ వాగు ఎక్కడికి పోతుంది,” అన్నాడు కన్నడలో. వెనక నీళ్ళ చప్పుడు, ఎవరో పిలుస్తున్న కేక.

“పర్వాలేదు,” అన్నాడు నందీశ్.

శుక్రవారమే. అతను గుట్ట మీద నిలబడి అబద్ధం చెప్పింది కూడా శుక్రవారమే. వాళ్ళు రారని నిర్ణయమైపోయాక, వాళ్ళ కోసం తను రెండు రోజులు రామచంద్రప్ప పురుగుల నోటిదగ్గర ఆకు తీసేశాడు. నందీశ్‌కి కళ్ళు మండాయి. డ్రైవరు సీట్లో కూర్చుని, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, టీ కొట్టతను ఇటే చూస్తున్నాడని తెలిసీ కాసేపు ఏడ్చాడు. తర్వాత ముఖం తుడుచుకుని బయ్యప్పకు ఫోన్ చేశాడు.

రామచంద్రప్ప ఇంటి పక్క పురుగుల షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. తట్టలన్నీ బయట ఎండలో బోర్లించి ఉన్నాయి. పెరటి చివర గుంత తీసి, రామచంద్రప్ప భార్య కెంపమ్మ చేటతో తెచ్చి తెచ్చి అందులో పోస్తోంది. ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుంది. గుంతలో పురుగులు తెల్లగా, మెత్తగా, కదలకుండా పడి ఉన్నాయి. రామచంద్రప్ప వాటి మీద సున్నం చల్లుతున్నాడు.

“సప్పె రోగం తగులుకునింది,” అన్నాడు నందీశ్‌ని చూసి. “వాడిన ఆకు తిని నిన్న సాయంత్రమే మెత్తబడినాయి. తెల్లారేతలికి అన్నీ ఇట్లయినాయి. ఇంక నాలుగు దినాలుంటే గూడు కట్టేసుండేవి.” పార పక్కన పెట్టి చేతులు దులుపుకున్నాడు. “ఆదివారం కూడా వచ్చినావే. బేరింగు వచ్చిందా?”

నందీశ్ తల ఊపాడు.

బయ్యప్ప ట్రాక్టరు వచ్చి బోరు దగ్గర నిలబెట్టేసరికి పదిన్నర అయింది. ముందు ఏమైనా తినండి అంది కెంపమ్మ, ఇంట్లో పొయ్యి వెలగలేదని చెప్పుకోవడానికి సిగ్గుపడుతూ. నందీశ్ వ్యాన్లోంచి ఇడ్లీల డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టాడు. కెంపమ్మ మూత తీసి ఆశ్చర్యపోయింది.

“ఇన్ని ఎవురికి తెచ్చినావప్పా?”

“మనకే అమ్మా.”

నలుగురూ కూర్చున్నారు. రామచంద్రప్ప నిన్న మధ్యాహ్నం నుంచి తిననట్టుంది, తలెత్తకుండా తిన్నాడు. తింటూ, “ఏమనుకోవద్దు నందీశా, నువ్వు చెప్పిన మాట తప్పలేదు, వస్తువు రాలేదు, అంతే,” అన్నాడు. “నువ్వు మా మనిషి మాదిరి. పండగపూటైనా ఒకసారి రాకూడదా, ఒక్కనివే ఉంటావంట కదా.” కెంపమ్మ మరో రెండు ఇడ్లీలు నందీశ్ ఆకులో వేసింది. రెండేళ్ళు కొండలు తిరిగి వెతుక్కున్నది ఈ అరుగు మీద, ఈ రోజే అతని ముందుకు వచ్చి కూర్చుంది. నందీశ్ చేతిలో ఇడ్లీ ముక్క ఆకులో పెట్టేశాడు.

“బేరింగు గురువారమే నా డ్రాయర్లో ఉండాదన్నా,” అన్నాడు.

రామచంద్రప్ప చెయ్యి చట్నీ దగ్గర ఆగింది.

“గురువారం సాయంత్రానికే మోటారు బిగించినా. శుక్రవారం ఈ వ్యాన్లోనే ఉండాది. మీతో ఫోన్లో మాట్లాడినప్పుడు కూడా.”

“ఏమిటికి?”

నందీశ్ చెప్పాడు. గుట్ట అవతలి వంక, ఎగువ బోరు ఆడితే అది ఆగిపోవడం, బెంగళూరు వాళ్ళు వస్తామనడం. వెనకా ముందూ కలవకుండా చెప్పాడు. బయ్యప్ప తినడం మాని నేల చూస్తున్నాడు.

“చేపల కోసరమా?” అన్నాడు రామచంద్రప్ప నమ్మలేనట్టు.

“చేపలు కాదన్నా. మనుషులొస్తారని.”

“వచ్చినారా?”

“రాలా.”

కెంపమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. రామచంద్రప్ప ఆకు మడిచి, చెయ్యి కడుక్కుని, తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. తిడతాడని నందీశ్ కాచుకున్నాడు. ఆయన బోరు వైపు నడుస్తూ ఒక్క మాటే అన్నాడు. “దించు.”

మోటారు బోర్లోకి దిగింది. పైపు బిగించడం, కేబులు కట్టడం, క్లాంపు వదలడం, మళ్ళీ పైపు. పదిహేనో పైపు దగ్గర నందీశ్ బయ్యప్పకు చెయ్యెత్తి ఆపాడు.

“అన్నా, రెండు పైపులు తగ్గించి మోటారు పైనే ఆపుకుంటే మీకు కొన్ని గంటలు నీళ్ళొస్తాయి. అవతల ఆరేడు ఇండ్లుండాయి. వాళ్ళకి తాగేదానికి కొంచెం మిగులుతాది.”

“ఆ ఇండ్ల సంగతి నాకు తెల్దనుకుంటివా? ఈ బోరు ఏసింది నేనే కదా.” రామచంద్రప్ప గొంతు పైకి లేవలేదు. “పురుగు పోయింది. తోట కూడా పోవాల్నా? నీకు అడిగే మొగం ఉండాదా?”

లేదు. నందీశ్ మిగతా రెండు పైపులూ బిగించాడు.

ఈ పక్క ఒక ఆనవాయితీ, కొత్తగా దించిన మోటారుకు మెకానిక్కే పచ్చ బటన్ నొక్కాలి. వచ్చిన నీళ్ళు ముందు అతనే దోసిట పట్టి తాగాలి. ఆ తర్వాతే ఇంటివాళ్ళు ముట్టుకుంటారు. నందీశ్ నొక్కాడు. పైపు దగ్గింది, గాలి వదిలింది, ఎర్రగా వచ్చి, తర్వాత తేటగా పడింది. అతను వెనక్కి జరిగి నిలబడ్డాడు.

“తాగు,” అన్నాడు రామచంద్రప్ప.

“మీరు తాగండన్నా.”

“నీ మీద కోపముండాది, గంగమ్మ మీద లేదు. తాగిపో. మళ్ళీ ఈ తోటకు రావద్దు.”

నందీశ్ దోసిలి పట్టాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. అవి ఎక్కడివో తెలిసి తాగడం కష్టమైంది. తాగాడు.

వ్యాను తీసి రోడ్డెక్కకుండా, తోట బయట ఆపి, గుట్ట ఎక్కి అవతలికి దిగాడు. వంక ఇంకా పారుతూనే ఉంది, కాకపోతే బండ మీద తడి అంచు ఒక జానెడు కిందికి జరిగింది. చౌడమ్మ బిందెలతో వచ్చి ఉంది. గుట్ట అవతల ట్రాక్టరు మోత విని, ఇంట్లో ఉన్న పాత్రలన్నీ తెచ్చి వరసగా పెట్టింది. బిందెలు, నూనె డబ్బాలు, ఒక పెయింటు బకెట్టు.

“మీ వాళ్ళు రాలేదా?” అంది.

“రాలేదు అవ్వా. మోటారు దించినారు.”

“తెలుసు. విన్యా కదా.”

“దించింది నేనే. బాగుచేసింది కూడా నేనే.”

చౌడమ్మ బిందె ముంచుతూ ఆగింది. అతని చేతులు చూసింది, చొక్కా మీద గ్రీజు చూసింది.

“చేపలోడని చెప్పుకుంటిని మా ఇండ్లల్లో,” అంది చివరికి. “అమాయకుడు, పట్టి వదిలేస్తాడని చెప్పుకుంటిని.” మొహం తిప్పుకుని బిందె నింపింది. నింపి ఎత్తబోయి, నడుము పట్టేసిందేమో, మళ్ళీ కింద పెట్టింది. “నిలబడి చూసేదేమి. పొద్దు వాలేతలికి ఇది బండ కిందికి పోతాది. ఎత్తు.”

నందీశ్ కొత్త చెప్పులు విడిచి గట్టున పెట్టి, బిందె భుజాన పెట్టుకున్నాడు. ఆమె ముందు, అతను వెనక, గుట్ట పైకి ఎక్కారు. మొదటి ఇంట్లో తొట్టి నింపాక రెండో ఇల్లు, తర్వాత మూడోది. ఇళ్ళలోవాళ్ళు బయటికి వచ్చి వాళ్ళూ బిందెలు పట్టుకున్నారు. ఎవరీయన అని ఎవరో అడిగితే, “మోటారు మెకానిక్కు,” అంది చౌడమ్మ, అంతకు మించి చెప్పలేదు. వాళ్ళు అతణ్ణి ఒకలా చూశారు గాని, బిందె అందించడం ఆపలేదు. పదకొండోసారి దిగేసరికి పైబండ మీద నీళ్ళ పొర తెగిపోయింది. బిందెలు మునగడం లేదు, చెంబుతో తోడి పోయాలి. చేపలన్నీ పెద్ద బండ కింది లోతులోకి దూరాయి. అక్కడ నెల రోజులైనా తడి ఉంటుందట, ప్రతిసారీ అవి అలాగే దాక్కుంటాయట.

చివరి బకెట్టు నిండేసరికి ఎండ గుట్ట దాటింది. వంక చప్పుడు లేదు. నందీశ్ తడిసిన చొక్కాతో బండ మీద కూలబడ్డాడు. రాయాల్సినదేదో ఉందన్నట్టు ఫోన్ తీసి, గుంపు తెరిచి, ఏమీ రాయకుండా మూసేశాడు.

“పోతా అవ్వా,” అన్నాడు లేచి. “ఇంక ఇక్కడ నీళ్ళుండవు, నాకు పనేముంటాది.”

చౌడమ్మ చెంబు బోర్లించి దులిపింది. కోపం ఇంకా గొంతులోనే ఉంది. “నీళ్ళుంటేనే రావాల్నా యేమి? వచ్చే ఆదివారం కొళాయి దినం. అది ఉండేది దూరం, అక్కడ్నించి మోసేదానికి మనిషి కావాల. రా.”

“ఎన్ని గంటలకు?” అని అడిగాడు నందీశ్.

“పొద్దున్నే. ఇంట్లో సంగటి చేస్తా, తినకుండా రా,” అని ఆమె గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. నందీశ్ బకెట్టు ఎత్తుకుని వెనకే నడిచాడు.